సైడు పిశాచి

హీరోకి ఆకలి వెయ్యదు. కథ మొదలైన దగ్గర్నుంచి శుభం కార్డు పడేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. పంటి నొప్పి రాదు. పక్కింటివాడు కారు కొంటే కడుపు మండదు. ఎవడికైనా ఓ వంద అప్పిస్తే ఆ సంగతి గుర్తుండదు. మానవ సహజమైన బలహీనతలన్నీ రచయితలు మూటగట్టి హీరో పక్కనున్నవాడి నెత్తిన పెడతారు. అందుకే వాడు మన చుట్టంలా అనిపిస్తాడు. హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పినన్నాళ్ళూ నేను చూసిందీ ఇదే. రాముడి మీద వ్యాసం రాయమంటే పిల్లలు అరపేజీలో ముగించి కిటికీలోంచి చూసేవాళ్ళు. కుంభకర్ణుడి మీద రాయమంటే అడిషనల్ షీట్లు అడిగేవాళ్ళు.

ఈ సిద్ధాంతానికి తిరుగులేని సాక్షి మాత్రం నేను రిటైరయ్యాక, డల్లాస్ పక్కన మా అమ్మాయి వాళ్ళ ఊరి లైబ్రరీలో దొరికాడు. పేరు స్పైక్. వృత్తి రక్తం తాగడం. ప్రవృత్తి కవిత్వం.

డల్లాస్ ఎండలకి బయట కాలు పెట్టే వీలుండదు. చల్లగా, డబ్బు కట్టక్కర్లేకుండా, మనవణ్ణి కాసేపు వాడి మానాన వదిలేయడానికి వీలుగా ఉండేది లైబ్రరీ ఒక్కటే. వాడు డాగ్ మాన్ అనే కుక్కతల పోలీసు పుస్తకాల ముందు బాసింపట్టు వేసుకున్నాడంటే పిడుగు పడ్డా లేవడు. నేను మోకాళ్ళ నొప్పులతో అంత కిందికి దిగలేక పక్క వరసలోకి వెళ్ళాను. అక్కడ పెద్దవాళ్ళ కామిక్స్. నా కంటి ఎత్తున ఉన్న అరలో ఓ అట్ట మీద బ్లీచు కొట్టిన తెల్ల జుట్టు, నల్ల తోలు కోటు, ఉలితో చెక్కినట్టున్న దవడ, ‘ఏం, ఎప్పుడూ చూళ్ళేదా’ అన్నట్టు ఓ చూపు. పుస్తకం పేరు స్పైక్: ఎసైలం. తెరిచి నాలుగు పేజీలు చదివేసరికి విషయం తెలిసింది. ఈయన పిశాచి. ఒక పిల్లని వెనక్కి తీసుకురమ్మని బేరం కుదుర్చుకుని, పిశాచాలనీ దెయ్యాలనీ బాగుచేసే ఓ ఆసుపత్రిలోకి తనే రోగిగా చేరతాడు. తెలిసింది అంతవరకే. ఈయనెవరో, ఎక్కడివాడో, ఆత్మ ఉన్న పిశాచి అని అందరూ దెప్పిపొడవడం ఏమిటో ఆ పుస్తకంలో ఎవరూ చెప్పరు. ఆయన సంగతి మనకి ముందే తెలుసన్న ధీమా ఆ రచయితది.

ఇంటికొచ్చి అమ్మాయికి చూపించాను. అది లాప్‌టాప్ మూసేసింది. దాని పెళ్ళిచూపులప్పుడు కూడా అంత ఉత్సాహం చూడలేదు.

“అమ్మా! స్పైక్! నీకెక్కడ దొరికాడు?”

“లైబ్రరీలో. హీరో బావున్నాడే.”

“హీరో కాడమ్మా. హీరోయిన్ బఫీ. హీరో ఏంజెల్. వీడు సైడు కేరెక్టరు.”

“మరి పుస్తకం ఏంజెల్ పేరున వెయ్యాలిగా?”

“వేశారు. నువ్వు దాన్ని వదిలేసి వీణ్ణి తెచ్చావు. అందరూ అంతే.”

ఆ రాత్రి పిల్లవాడు పడుకున్నాక నాకు పూర్వకథ చెప్పింది. ఎమ్మెస్ చదివే రోజుల్లో రూమ్మేట్లతో కలిసి డీవీడీలు అద్దెకి తెచ్చుకుని చూసిందట. మేము ఇండియాలో పొలం కాగితాలు తాకట్టు పెట్టి ఫీజు పంపుతుంటే అక్కడ అది పిశాచాలని చూస్తూ కూర్చుంది. సరే, గడిచిపోయిన సంగతి.

బఫీ ద వాంపైర్ స్లేయర్ అనే టీవీ సీరియల్ 1997 నుంచి 2003 దాకా ఏడు సీజన్లు నడిచింది. కాలిఫోర్నియాలో సన్నీడేల్ అనే కల్పిత ఊరు, అక్కడ పిశాచాల్ని చంపే ఓ హైస్కూలు పిల్ల. రెండో సీజన్లో ఓ రాత్రి ఓ కారొచ్చి ఊరి పేరు బోర్డుని గుద్ది పడేస్తుంది. అందులోంచి దిగినవాడు స్పైక్. వాణ్ణి కొన్ని ఎపిసోడ్ల తరవాత చంపేద్దామనే అనుకున్నారట. జనం చంపనివ్వలేదు. జేమ్స్ మార్‌స్టర్స్ అనే ఆ నటుడు కాలిఫోర్నియావాడు. లండన్ యాసలో మాట్లాడుతుంటే ఇంగ్లండువాడేనని బోలెడుమంది నమ్మారు. చచ్చిపోవలసినవాడు చావకుండా చివరి సీజను దాకా వచ్చాడు. 2003లో ఆఖరి ఎపిసోడ్లో లోకాన్ని కాపాడుతూ కాలి బూడిదైపోయాడు. పోనీలే, సద్గతి కలిగింది అనుకుంటే, కొన్ని నెలలకే ఏంజెల్ అనే మరో పిశాచి పేరున నడిచిన సీరియల్లో నీడలా తేలాడు. ఏంజెల్ నాలుగు సీజన్లు నిలదొక్కుకుని సంపాదించుకున్న ఆఫీసులో ఈయన ఆఖరి సీజనుకొచ్చి, కాళ్ళు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

నాకు వీడు నచ్చింది వీడి పూర్వాశ్రమం వల్ల. 1880లో లండన్లో విలియం అనే పెద్దింటి కుర్రాడు. తల్లిచాటు బిడ్డ, కళ్ళజోడు, చేతిలో కవిత. ప్రేమించిన పిల్ల ఎదురుగా నలుగురూ వాడి కవిత లాక్కుని చదివి పగలబడి నవ్వారు. ఇది వినే బదులు తలలో రైలు పట్టాల మేకు దించుకోవడం నయమని ఒకడన్నాడు. ఆ అవమానంతో సందులోకి వెళ్ళి ఏడుస్తుంటే డ్రుసిల్లా అనే పిశాచి వచ్చి మెడ కొరికింది. మేకు, అంటే స్పైక్, అన్న మాటే పేరుగా పెట్టుకుని వాడు లోకం మీద పడ్డాడు. నేను చూసిన ఉగాది కవి సమ్మేళనాలు తక్కువేం కాదు. వాటిలో చదివిన కవితలకి ఎవరూ నవ్వకపోవడం వెనక ఉన్న సామాజిక బాధ్యత నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తరవాత వందేళ్ళు పైబడి బతికినా వాడి బుద్ధులు మారలేదు. రక్తంలో కాస్త నమిలేందుకు ఉంటుందని వీటాబిక్స్ నలుపుకుని తాగుతాడు. శ్మశానంలో టీవీ పెట్టుకుని మధ్యాహ్నం సీరియల్ చూస్తాడు. ఆ వేళకి ఎవరైనా అడ్డొస్తే విసుక్కుంటాడు. పిల్లికూనల్ని పందెం కాసి పేకాడతాడు. బఫీ వాళ్ళమ్మ దగ్గర వంటింట్లో కూర్చుని తన ప్రేమ భగ్నమైందని గోడు వెళ్ళబోసుకుంటాడు. చెప్పండి, హీరో అన్నవాణ్ణి ఇవన్నీ చెయ్యనిస్తారా? ఏంజెల్ పాపం చీకట్లో నిలబడి పశ్చాత్తాపపడటానికే నెలంతా సరిపోతుంది.

ఇలా పక్కవాడు అసలువాణ్ణి మించిపోవడం పిశాచాల వంశంలో కొత్త కాదు. అమెరికాలో 1954లో కామిక్స్‌కి ఓ నియమావళి పెట్టి పిశాచాల్నే నిషేధించారు. పిల్లలు చెడిపోతున్నారని గోల. 1971లో ఆ నిషేధం సడలించారు. డ్రాక్యులా లాంటి పేరున్న సాహిత్యం బాటలో నడిచే పిశాచాలైతే ఫరవాలేదన్నారు. చదువుకున్న పిశాచానికి వీసా ఇచ్చారన్నమాట. మరుసటి ఏడే మార్వెల్ కంపెనీ టూంబ్ ఆఫ్ డ్రాక్యులా మొదలుపెట్టింది. 1973లో దాని పదో సంచికలో పిశాచాల్ని వేటాడే బ్లేడ్ అనే నల్లజాతివాడు పక్క పాత్రగా వచ్చాడు. సృష్టించినవాళ్ళు మార్వ్ ఉల్ఫ్‌మాన్, జీన్ కోలన్. డ్రాక్యులా డెబ్భై సంచికలతో సరిపెట్టుకున్నాడు. బ్లేడ్ 1998లో వెస్లీ స్నైప్స్ ముఖం తగిలించుకుని సినిమాకెక్కి బోలెడు డబ్బు చేసి పెట్టాడు. పేరు డ్రాక్యులాది, పెత్తనం బ్లేడ్‌ది.

స్పైక్ పుస్తకాలు వరసగా చదవాలని కూర్చున్నాక అసలు తలనొప్పి మొదలైంది. వరస లేదు. డార్క్ హార్స్ అనే కంపెనీ 1999లోనే స్పైక్, డ్రుసిల్లాల జంట పేరుతో పుస్తకం వేసింది. దానికి రచయితల్లో ఒకడు సాక్షాత్తూ మార్‌స్టర్సే. తరవాత ఏంజెల్ హక్కులు ఐడీడబ్ల్యూ అనే మరో కంపెనీకి వెళ్ళాయి. బఫీ మాత్రం డార్క్ హార్స్ దగ్గరే ఉండిపోయింది. మరి స్పైక్? ఆఖరి మజిలీ ఏంజెల్ ఇంట్లో కాబట్టి ఐడీడబ్ల్యూ వాళ్ళు తీసుకున్నారు. పుట్టిల్లు బఫీది కాబట్టి డార్క్ హార్స్ వాళ్ళకీ కావలసొచ్చాడు. మా మేనమామల పంపకాల్లో గట్టు మీద పడిన మామిడిచెట్టు గతే పట్టింది: వేళ్ళు ఒకరివి, కొమ్మలు ఒకరివి, కాయలు మాత్రం ఎవరు ముందు లేస్తే వాళ్ళవి. వీడు ఒక కంపెనీలో నరకం పాలైన లాస్ ఏంజెలెస్‌లో తిరుగుతూ, ఇంకో కంపెనీలో ఉన్నట్టుండి ఓ అంతరిక్ష నౌకలో దిగుతాడు. ఆ నౌక సిబ్బంది మనిషంత పురుగులు. చూడబోతే బొద్దింకల చుట్టాల్లా ఉంటాయి. అదెక్కడిది, వాడికెలా వచ్చింది అన్నదానికి సర్దుబాటు 2011లో ఐడీడబ్ల్యూ వాళ్ళు చేయవలసొచ్చింది. ఆ ఏడే ఏంజెల్ హక్కులు మళ్ళీ డార్క్ హార్స్‌కి చేరాయి. చెట్టు ఒక గట్టున పడింది.

లైబ్రరీలో అన్నీ ఉండవు. లేనివాటిని పక్క ఊళ్ళ నుంచి తెప్పించి, అట్ట మీద కార్డుదారు పేరు చీటీ చుట్టి, ఓ ప్రత్యేకమైన అరలో పెడతారు. మహా మంచి ఏర్పాటు. చిక్కల్లా కార్డు మా అమ్మాయిది కావడం. ఆఫీసు మీటింగులో తెర మీద అందరికీ లెక్కలు చూపిస్తుంటే, మూలనుంచి ‘మీరు కోరిన స్పైక్ వర్సెస్ డ్రాక్యులా సిద్ధంగా ఉంది’ అని ఈమెయిలు పైకి లేచిందట. మేనేజరుగారు చాలా మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. మీటింగు అయ్యాక మాత్రం పిలిచి, చదివాక తనకి ఇమ్మన్నాడు.

ఆ స్పైక్ వర్సెస్ డ్రాక్యులా 2006 నాటిది. పీటర్ డేవిడ్ రాసిన ఐదు సంచికలు. దాని వెనక టీవీ సీరియల్లోని ఒక్క డైలాగు ఉంది. ప్రపంచం మొత్తం డ్రాక్యులా పేరు చెబితే వణుకుతుంటే, వాడు నాకు పదకొండు పౌండ్లు బాకీ అంటాడు స్పైక్. ఈ సంగతి మావారికి చెప్పాను. అప్పటిదాకా ఆయన నా పుస్తకాలని కన్నెత్తి చూడలేదు. పొద్దున్నే దేవుడి గదికెళ్ళే దారిలో ఆ కోరలేమిటని, సోఫా మీదున్న పుస్తకాన్ని బోర్లా పెట్టి వెళ్ళేవారు. బాకీ అనగానే పేపరు దించారు. జీవితమంతా బ్యాంకులో, అందులోనూ వసూళ్ళ విభాగంలో, గడిపిన మనిషి.

“నోటు రాయించుకున్నాడా?”

“తెలీదండీ. పిశాచాలు కదా.”

“నోటు లేకపోతే పోయె. ఉన్నా మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. మధ్యలో పావలా అయినా జమ కట్టించుకుని సంతకం పెట్టించుకోవాల్సింది.”

“ఎదటివాడు డ్రాక్యులా అండీ.”

“అయితే? పెద్ద పార్టీలే ఎగ్గొడతారు,” అని పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళారు. మర్నాడు కాఫీ దగ్గర, స్పైక్ కుర్రాడు మంచివాడేననీ, ఫాలో అప్ చేతకాలేదనీ తీర్పు చెప్పారు. డ్రాక్యులా గురించి అడిగితే ముఖం చిట్లించారు. ఏంజెల్ పేరు ఇంతవరకు ఆయనకి తెలీదు.

ఎసైలం దగ్గరికి వస్తాను. అది 2006లో మొదలైంది. రాసింది బ్రయన్ లించ్, బొమ్మలు ఫ్రాంకో ఉర్రు. దాని తరవాత ఇద్దరూ కలిసి 2007లో షాడో పపెట్స్ చేశారు. అందులో స్పైక్ జపాన్ వెళ్ళి గుడ్డబొమ్మ అయిపోతాడు. ఏంజెల్ కూడా టీవీలో ఒకసారి బొమ్మ అయ్యాడు, కానీ అది అవమానంగా ఫీలయ్యాడు. స్పైక్ బొమ్మయినా అదే కోటు, అదే పొగరు. అంత బొమ్మ అందరినీ బెదిరించడం చూసి నేను నవ్వుతుంటే, పక్కగదిలోంచి అల్లుడు గారు “అత్తయ్య గారూ, అంతా ఓకేనా?” అని అడిగారు. ఈ లించ్ గారే తరవాత మినియన్స్ సినిమాకి, 2015లో, స్క్రీన్‌ప్లే రాశారు. మినియన్లు ఎవరు? ఇంకో సినిమాలో విలను వెనక తిరిగే సైడు పాత్రలు. ఆయన చేతివాటమే అది అన్నమాట. పక్కన నిలబడ్డవాళ్ళు కనిపిస్తే ఊరుకోలేరు.

ఆయన చేసిన అసలు ఘనకార్యం మరొకటుంది. స్పైక్‌ని కథానాయకుణ్ణి చేశాక, వాడి పాత ఉద్యోగం ఖాళీ అయింది కదా. పక్కన ఉండి సణగడానికి, నిజం మొహం మీద చెప్పడానికి ఎవరో కావాలి. ఆ ఖాళీలో ఆయన ఓ చేపని వేశారు. పేరు బెట్టా జార్జ్. ఎదటివాళ్ళ మనసులో ఉన్నది వినగలదు, తన మనసులోది వాళ్ళకి వినిపించగలదు. చేప ముఖంలో భావాలు పలికించడం అంటే మాటలా? రెప్పలు లేవు, కనుబొమలు లేవు. అయినా ఉర్రు గీసిన ఆ గుడ్లప్పగింత చూస్తే, పెళ్ళిలో తప్పనిసరై ముందు వరసలో కూర్చున్న మా పెద్ద బావగారే గుర్తొచ్చారు. ఎసైలంలో స్పైక్ మీద కన్నా నా కన్ను ఈ జార్జ్ మీదే ఎక్కువ ఉంది. నా బుద్ధి అంతే. హీరో అయ్యావో, నా దృష్టి నీ పక్కవాడి మీదికి పోతుంది.

ఇక్కడే ఈ పుస్తకాలతో నాకు పేచీ. ఘటోత్కచుణ్ణి చూడండి. 1957లో మాయాబజార్ తీసినప్పుడు కె.వి. రెడ్డి గారు ఎస్వీ రంగారావు గారి చేత సినిమా అంతా తినిపించేశారు గానీ, ప్రేమించే బాధ్యత మాత్రం అభిమన్యుడికే వదిలారు. ఘటోత్కచుడు వస్తాడు, నవ్విస్తాడు, పెళ్ళి చెడగొడతాడు. ఒక్క రీలు కూడా చింతపడుతూ కూర్చోడు. స్పైక్‌కి ఆ అదృష్టం ఎల్లకాలం నిలవలేదు. 2010లో ఐడీడబ్ల్యూ వాళ్ళు నెలనెలా వచ్చే పత్రికే వాడి పేరున పెట్టి, లాస్ వేగస్ పంపారు. ఎనిమిది సంచికలతో ఆగింది. 2012లో డార్క్ హార్స్ వాళ్ళు ఎ డార్క్ ప్లేస్ అని ఐదు సంచికలు వేశారు. అందులో ఆ పురుగుల నౌకలో కూర్చుని, పోయిన ప్రేమని తల్చుకుని దిగులుపడతాడు. దిగులుపడటం ఏంజెల్ పని కదయ్యా! దానికి వేరే మనిషున్నాడు, ఐదు సీజన్ల అనుభవం ఉన్నవాడు. పాపం ఆ పురుగులు మాత్రం వాడి చుట్టూ చేరి ఏం చెయ్యాలో తెలీక నిలబడతాయి. నేనైతే వాటి తరఫునే ఉన్నాను. పగ్గాలు పూర్తిగా చేతికిస్తే పక్కవాడు కూడా గంభీరంగా కిటికీలోంచి చూడటం నేర్చుకుంటాడు. 2014లో మార్‌స్టర్స్ మళ్ళీ కలం పట్టి ఇంటూ ద లైట్ అని ఒకటి రాశారంటే, తన పాత్ర బాగోగులు తనే చూసుకోవాలనిపించి ఉంటుంది. ఆ బెంగ నాకు అర్థమవుతుంది.

ఐడీడబ్ల్యూ వాళ్ళని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. పక్కవాళ్ళ పక్కవాళ్ళనీ వదల్లేదు. ఏంజెల్ సీరియల్లోని నీలిరంగు ఇల్లీరియాకి సొంత పుస్తకం, పచ్చరంగు పాటగాడు లోర్న్‌కి ఒకటి. 2009లో డ్రుసిల్లా కథని ఆ వేషం వేసిన జూలియట్ లాండౌ చేతే, లించ్‌తో కలిపి రాయించారు. ఏంజెల్ పుస్తకాలూ ఉన్నాయి, బోలెడున్నాయి. మా అమ్మాయి రెండు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. వాటి మీద నేను కళ్ళజోడు పెట్టుకుంటున్నాను.

చదవదలుచుకున్నవాళ్ళకి నా మాట: ఎసైలంతో మొదలుపెట్టండి, వెంటనే షాడో పపెట్స్ చదవండి. టీవీ సీరియల్ చూడకపోయినా నష్టం లేదు, నాలాగా వెనకనుంచి ముందుకి వెళ్ళొచ్చు. బాకీల సంగతి ఆసక్తి ఉంటే స్పైక్ వర్సెస్ డ్రాక్యులా. లాస్ వేగస్ మీ ఓపిక. అంతరిక్షం దాకా వెళ్ళడం దండగ. లైబ్రరీలో తీసుకునేవాళ్ళు మాత్రం దయచేసి మీ సొంత కార్డు మీదే తీసుకోండి.